వేగస్ దారిలో బ్లూరే కబురు

జనవరి 3, 2008, గురువారం. సన్నీవేల్

సోమవారం నుంచి లాస్ వేగస్‌లో సీఈఎస్, అంటే కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షో. టీవీలు, ప్లేయర్లు, కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలు ఈ ఏడాది అమ్మబోయేవన్నీ నాలుగు రోజుల పాటు అక్కడ పరుస్తాయి. మామూలు జనాన్ని రానివ్వరు, ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళకే బ్యాడ్జీ. డిస్క్ డ్రైవ్‌ల ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్‌ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్, పరీక్షించే ఉద్యోగం కాబట్టి నాకు దొరికింది. మా బావగారికి ఎల్ కమీనో రోడ్డు మీద ఇండియన్ గ్రోసరీ కొట్టు ఉంది. కొట్లో ఒక గోడ నిండా తెలుగు, హిందీ, తమిళ డీవీడీలు పెట్టి అద్దెకిస్తారు. ఆ గోడ పుణ్యాన ఆయనకీ బ్యాడ్జీ వచ్చింది. రేపు పొద్దున్నే ఇద్దరం కార్లో బయల్దేరుతున్నాం.

వెళ్ళేది తమాషా చూడ్డానికి కాదు. డీవీడీ తర్వాత ఏ డిస్కు నిలబడుతుందో తేల్చుకోవాలి. ఆయనకది అర నింపే సమస్య, నాకు ఉద్యోగం సంగతి. అంతకు మించి ఇద్దరికీ ఇంకో ఆత్రం ఉంది: మన సినిమాలు ఆ కొత్త డిస్కులోకి ఎప్పుడొస్తాయి, వస్తే హైదరాబాద్‌లో కొన్న డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడుతుందా?

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. డీవీడీని చదివేది ఎర్ర లేజర్, 650 నానోమీటర్లు. ఒక పొరలో 4.7 జీబీ పడుతుంది. నీలి లేజర్ 405 నానోమీటర్లది, కాంతి అలలు చిన్నవి కాబట్టి ఇంకా సన్నని గీతల్ని చదవగలదు. ఆ నీలి కాంతిని పుట్టించే పదార్థం కోసం ప్రపంచమంతా ఏళ్ళ తరబడి తంటాలు పడితే, జపాన్‌లో తోకుషిమా దగ్గర నిచియా అనే చిన్న కంపెనీలో పనిచేసే షుజి నకమురా 1993లో నీలి ఎల్‌ఈడీని వెలిగించి చూపించాడు. లేజర్ ఆ తర్వాత వచ్చింది. ఆయన ఇప్పుడు మన కాలిఫోర్నియాలోనే, శాంటా బార్బరా యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఈ గొడవంతటికీ మూలం ఆయన వెలిగించిన దీపమే అయినా, డిస్కుల వార్తల్లో ఆయన పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

లేజర్ ఒకటే, డిస్కులు మాత్రం రెండు తయారయ్యాయి. తోషిబా ముందు నిలిచిన హెచ్‌డీ డీవీడీ పొరకి 15 జీబీ, సోనీ, పానాసోనిక్ లాంటి కంపెనీల బ్లూరే పొరకి 25 జీబీ. సినిమా స్టూడియోలు కూడా రెండు జట్లయ్యాయి. సోనీ, డిస్నీ, ఫాక్స్ బ్లూరే వైపు. యూనివర్సల్, గత ఆగస్టు నుంచి పారమౌంట్, డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ హెచ్‌డీ డీవీడీ వైపు. వార్నర్ ఒక్కటే రెండింట్లోనూ వేస్తోంది. పోయినేడు ఇదే సీఈఎస్‌లో వార్నర్ వాళ్ళు ఒక పక్క బ్లూరే, రెండో పక్క హెచ్‌డీ డీవీడీ ఉండే డిస్కు తెస్తామని చెప్పారు. ఎల్‌జీ అయితే రెండూ ఆడే ప్లేయర్నే చూపించింది. డిస్కు కొట్లకి రానే లేదు, ప్లేయర్ ధర మామూలు సంసారికి అందేది కాదు.

సాయంత్రం కొట్టుకి వెళ్ళేసరికి బావగారు వాపసొచ్చిన డీవీడీలు తుడుస్తున్నారు. ఒక్కొక్కటీ తీసి ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు లాగుతారు. చుట్టూ తిప్పి తుడవనివ్వరు, గీత ట్రాక్ వెంబడి పడితే డిస్కు ఇక పనికిరాదట. ఆ మాట అక్షరాలా నిజం. "దీన్ని చూడు," అంటూ ఒకటి చేతికిచ్చారు. పిల్లలున్న ఇంటి నుంచి వచ్చినట్టుంది, నేల మీద ఈడ్చినట్టు గీతలు. డీవీడీలోనూ హెచ్‌డీ డీవీడీలోనూ సమాచారం పైపొర నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. బ్లూరేలో 0.1 మిల్లీమీటరే. అంత పైపైన ఉండటం వల్లే లేజర్‌ని అంత సన్నగా కేంద్రీకరించి 25 జీబీ ఎక్కించగలిగారు. కానీ అద్దె కొట్టు ఆయనకి ఆ 0.1 వినగానే గుండె జారింది. గట్టి పూత వేస్తున్నారు, టీడీకే కంపెనీ తయారుచేసిన పూత మీద స్టీలు పీచుతో గీకి చూపిస్తున్నారు అని చెప్పాను. "మా కస్టమర్ల చేతిలో పడ్డాక చూద్దాం," అన్నారు.

నిన్న రాత్రి సిడ్నీలో లక్ష్మణ్ కొట్టిన సెంచరీ గురించి కౌంటర్ దగ్గర చాలాసేపు నడిచింది. 109. కొట్టు మూసేసరికి ఆలస్యమైంది.

జనవరి 4, శుక్రవారం. సన్నీవేల్ నుంచి బార్‌స్టో

తెల్లవారుజాము నుంచే గాలివాన. ఇలాంటిది బే ఏరియాలో నేను చూడలేదు. 101 మీద గిల్‌రాయ్ దాకా కారు పక్కకి తోసేస్తున్నట్టే ఉంది. దారి పొడవునా రేడియోలో ఇదే వార్త: చెట్లు పడ్డాయి, ఉత్తర కాలిఫోర్నియాలో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, రిచ్‌మండ్ శాన్ రఫేల్ వంతెన మీద ట్రక్కు పల్టీ కొట్టింది. దాంతోపాటు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పోటీలో అయోవాలో ఒబామా గెలుపు. పచేకో కనుమ ఎక్కేటప్పుడు వైపర్లు ఎంత కొట్టుకున్నా రోడ్డు కనపడక, బావగారు శాన్ లూయిస్ జలాశయం దాటేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఐ-5 ఎక్కాక కాస్త తెరిపిచ్చింది. ఒంటిగంట దాటాక బటన్‌విల్లో దగ్గర పెట్రోలుకి ఆగాం. అక్క కట్టిచ్చిన పులిహోర కార్లోనే కూర్చుని తింటుండగా ఆఫీసు నుంచి ఫోన్: "వార్నర్ బ్లూరేకి వెళ్ళిపోయింది."

రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. ప్రకటన అప్పుడే వచ్చింది. ఈ ఏడాది మే నెలాఖరు దాకా మాత్రమే హెచ్‌డీ డీవీడీలు, ఆ తర్వాత హైడెఫినిషన్‌లో, అంటే డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మలో, బ్లూరే ఒక్కటే. సీఈఎస్‌కి ఇంకా మూడు రోజులుంది. అక్కడ ఆదివారం రాత్రి హెచ్‌డీ డీవీడీ జట్టు విలేకరులతో పెద్ద సమావేశం పెట్టుకుంది. ఇంతకాలం రెండు పడవల్లో కాళ్ళు పెట్టిన వార్నర్ ఒక పడవ వదిలేస్తే అది మునగడమే తరువాయి. సినిమాల అమ్మకాల్లో వాళ్ళంత పెద్ద స్టూడియో ఇంకోటి లేదు.

బావగారికి చెప్పాను. ఆయన నవంబరులో తగ్గింపు ధర అని వంద డాలర్ల లోపు పెట్టి హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ కొన్నారు. "అయితే నా ప్లేయర్ పని అయిపోయినట్టేనా?" అన్నారు. మామూలు డీవీడీలు దాంట్లో శుభ్రంగా ఆడతాయి, పాత ప్లేయర్ కంటే బొమ్మ కూడా బాగుంటుంది అన్నాను. అది ఓదార్పు కోసం అన్నది కాదు, ఆ ప్లేయర్లు డీవీడీ బొమ్మని పెంచి చూపించడంలో నిజంగా మంచివి.

అక్కడి నుంచి బేకర్స్‌ఫీల్డ్ మీదుగా టెహాచపి కొండలు ఎక్కుతున్నంతసేపూ నా మనసు అదోలా ఉంది. యుద్ధం ముగిసిపోవడం మంచిదే. రెండు ఫార్మాట్ల మధ్య ఏది కొనాలో తెలియక జనం రెండేళ్ళుగా ఏదీ కొనకుండా కూర్చున్నారు. కానీ ఓడిపోతున్న డిస్కులో నాకు ప్రాణంలాంటి సుగుణం ఒకటుంది, దానికి రీజియన్ కోడ్ లేదు. ఏ దేశంలో కొన్న హెచ్‌డీ డీవీడీ అయినా ఏ దేశం ప్లేయర్లో అయినా ఆడుతుంది. డీవీడీ లెక్కలో అమెరికా రీజియన్ 1, ఇండియా రీజియన్ 5. ఊరెళ్ళినప్పుడు ముచ్చటపడి కొనుక్కొచ్చిన డిస్కు ఇక్కడ పెడితే ప్లేయర్ మొహం తిప్పుకోవడం, రీజియన్ కలిసినా ఇండియా టీవీ పద్ధతి పాల్, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ తేడాతో బొమ్మ గెంతడం, ఇవన్నీ మనలో అనుభవం లేనివాళ్ళు తక్కువ. బ్లూరేలో ఆ గోడ మళ్ళీ కట్టారు. అమెరికా ఏ, యూరప్ బీ, ఇండియా, చైనా, రష్యా సీ.

ఇంకో సంగతి. హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ ఏది కొన్నా నెట్‌కి కలిపే పోర్టు ఉండాలని మొదటి రోజే నియమం పెట్టారు. బ్లూరేకి నియమాలు విడతలవారీగా వస్తున్నాయి. బొమ్మలో బొమ్మ చూపించే సౌకర్యం పోయిన నవంబరు తర్వాత విడుదలయ్యే ప్లేయర్లకే తప్పనిసరి చేశారు, నెట్ సౌకర్యం ఇంకా ముందుంది. ఇల్లు పూర్తయ్యాక గృహప్రవేశం చేసినవాళ్ళు ఓడిపోయారు, గోడలు లేస్తుండగానే దిగినవాళ్ళు గెలిచారు. డిస్కు గుణంతో పని లేకుండా స్టూడియోల సంతకాలతో తేలిపోవడం నాకు మింగుడుపడలేదు.

మొహావీ దాటేసరికి చీకటి. వేగస్ దాకా వెళ్ళే ఓపిక లేక బార్‌స్టోలో మోటెల్ తీసుకున్నాం. టీవీ నిండా తుఫానే.

జనవరి 5, శనివారం. లాస్ వేగస్

బార్‌స్టో నుంచి ఐ-15 ఎడారిలో తిన్నగా సాగిపోతుంది. బేకర్ అనే చిన్న ఊళ్ళో 134 అడుగుల థర్మామీటర్ స్తంభం కనిపిస్తుంది. 1913లో పక్కనున్న డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్‌కి గుర్తుగా కట్టారు. మేం వెళ్ళినప్పుడు చలి. టీ తాగి వచ్చేశాం.

మధ్యాహ్నానికి కన్వెన్షన్ సెంటర్. షో తెరవకముందు ఆ చోటు చూడ్డం నాకు చాలా ఇష్టం. ఫోర్క్‌లిఫ్టులు పెట్టెలు మోసుకుంటూ తిరుగుతున్నాయి, బయట గోడల మీద పెద్ద పెద్ద బ్యానర్లు ఎక్కిస్తున్నారు. బ్యాడ్జీ క్యూలో ఎక్కడ విన్నా వార్నర్ పేరే. హెచ్‌డీ డీవీడీ జట్టు ఆదివారం సమావేశం రద్దు చేసుకుందని అప్పటికే అందరికీ తెలుసు. మా ముందు నిలబడ్డ ఒహాయో కొట్టాయన పండగకి చాలా హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు అమ్మాడట. కొన్నవాళ్ళు సోమవారం నుంచి ఫోన్లు చేస్తారని టెన్షన్ పడుతున్నాడు. బావగారు ఆయనతో చాలాసేపు మాట్లాడారు. సరుకు మారినప్పుడల్లా కంపెనీలకి ఓ ప్రకటనతో సరిపోతుంది, జవాబు చెప్పుకోవాల్సింది కౌంటర్ వెనక నిలబడ్డవాడు. ఇద్దరిదీ ఒకటే బాధ.

నాకు అంతకంటే ఆత్రంగా ఉన్నది కంప్యూటర్ల వైపు. ఇంటెల్ 45 నానోమీటర్ల ప్రాసెసర్లు, పెన్రిన్ అని పిలిచేవి, నవంబరులో డెస్క్‌టాప్‌లకి, సర్వర్లకి వచ్చాయి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లకి వస్తాయని అందరూ ఎదురుచూస్తున్నారు. ట్రాన్సిస్టర్ లోపల నలభై ఏళ్ళుగా వాడుతున్న సిలికాన్ డయాక్సైడ్ పొర బదులు హాఫ్నియం కలిసిన పదార్థం వాడారు. పొర మరీ పలచనై కరెంటు కారిపోతుండటంతో అలా మార్చక తప్పలేదు. 1960ల చివరి తర్వాత ట్రాన్సిస్టర్‌లో ఇంత పెద్ద మార్పు లేదని ఇంటెల్ స్థాపకుల్లో ఒకడైన గోర్డన్ మూర్ అంతటివాడే అన్నాడు. డిస్కులకీ దీనికీ సంబంధం ఉంది. హైడెఫినిషన్ బొమ్మలో 1920 నిలువు వరసలు, 1080 అడ్డ వరసలు. అమెరికా డీవీడీ బొమ్మకి సరిగ్గా ఆరు రెట్లు చుక్కలు. దాన్ని సెకనుకి 24 సార్లు విప్పాలంటే ఇప్పటి ల్యాప్‌టాప్‌లు రొప్పుతాయి, బ్యాటరీ సినిమా మధ్యలోనే దిగిపోతుంది. తక్కువ కరెంటు తాగే చిప్ వస్తేనే బ్లూరే డ్రైవ్ ల్యాప్‌టాప్‌లో కాపురం చేయగలదు.

రాత్రి సిడ్నీ టెస్టు చివరి రోజు. మోటెల్‌లో నెట్ తెచ్చుకుని ల్యాప్‌టాప్‌లో స్కోరు చూస్తూ కూర్చున్నాం. డ్రా అవుతుందనుకున్నది, ఆట కొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా క్లార్క్ ఒకే ఓవర్లో మూడు వికెట్లు తీశాడు. అంపైర్ల నిర్ణయాల మీద బావగారి కోపం పొద్దున్నదాకా చల్లారలేదు.

జనవరి 6, ఆదివారం. లాస్ వేగస్

పొద్దున విలేకరుల సమావేశాలు. మాకు ప్రవేశం లేదు కానీ బయటికొచ్చినవాళ్ళు చెబుతూనే ఉన్నారు. తోషిబా వాళ్ళు హెచ్‌డీ డీవీడీ చచ్చిపోలేదని, కొనసాగిస్తామని చెప్పారట. ఆ మాట వేదికెక్కి చెప్పినవాళ్ళ మీద నాకు గౌరవమే కలిగింది. ఏళ్ళ తరబడి ఇంజినీర్లు కష్టపడి చేసిన వస్తువు అది, ఒక్క శుక్రవారం మధ్యాహ్నంతో వదులుకోవడం ఎవరికైనా కష్టమే.

సాయంత్రం వెనీషియన్ హోటల్లో బిల్ గేట్స్ ప్రసంగం. జూలై నుంచి ఆయన మైక్రోసాఫ్ట్‌లో పూర్తికాలం పనిచేయరు కాబట్టి సీఈఎస్‌లో ఇదే చివరిది. మధ్యాహ్నం నుంచే క్యూ. మాకు బాగా వెనకాల చోటు దొరికింది. తన ఆఖరి పనిదినం ఎలా గడుస్తుందో ఊహిస్తూ ఆయనే నటించిన వీడియో వేస్తే హాలంతా నవ్వులు. చివర్లో గిటార్ హీరో ఆటకి నిజం గిటారిస్టు స్లాష్ వచ్చి వాయించాడు. బీజింగ్ ఒలింపిక్స్‌ని ఎన్‌బీసీ టీవీ వాళ్ళతో కలిసి నెట్‌లో చూపిస్తామన్నారు. ఎక్స్‌బాక్స్ ద్వారా ఏబీసీ, డిస్నీ కార్యక్రమాలు, ఎంజీఎం సినిమాలు డౌన్‌లోడ్‌కి పెడతామన్నారు.

ఆ చివరి మాట దగ్గర బావగారు నా వైపు తిరిగి, "అసలు డిస్కే ఉండదంటావా?" అన్నారు. క్యూలో అంతకుముందే ఆ చర్చ వింటున్నాం. వచ్చే వారం శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే మ్యాక్ కంప్యూటర్ల షో మ్యాక్‌వరల్డ్‌లో ఆపిల్ డిస్క్ డ్రైవే లేని పలచటి ల్యాప్‌టాప్ తెస్తుందని పుకారు. అసుస్ ఈఈఈ పీసీ అక్టోబరులోనే డ్రైవ్ లేకుండా, ఏడంగుళాల తెరతో వచ్చేసింది.

నాకు మాత్రం అది అంత తొందరగా జరిగే పని కాదనిపిస్తుంది. తెనాలిలో మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ 256 కేబీపీఎస్. ఒక పొర బ్లూరేలో పట్టే 25 జీబీ దానిమీద దింపాలంటే లైన్ ఒక్క క్షణం కూడా తెగకుండా తొమ్మిది రోజులు పడుతుంది. అక్కడ అమ్మకి సినిమా చేరాలంటే డిస్కే దిక్కు. పైగా డిస్కులు తయారుచేసే మోసర్ బేర్ కంపెనీ వాళ్ళు పోయినేడాది నుంచి 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్ముతున్నారు. బజారుకెళ్ళి కూరలతో పాటు సినిమా తెచ్చుకోవచ్చు. ఆ ధర దగ్గరికి రానంతకాలం బ్లూరే మన ఊళ్ళో అడుగుపెట్టదు.

చేతిలో డిస్కు ఉండటం మీద నాకున్న ఇష్టానికి ఇంకో కారణం ఉంది. మన 1950ల నాటి నలుపు తెలుపు సినిమాల 35 ఎంఎం నెగటివ్‌లో ఉన్న వివరం డీవీడీలో సగం కూడా కనపడదు. చీర అంచు జరీ, దేవుళ్ళ కిరీటాల చెక్కడం, నటుడి కనురెప్ప కదలిక, అంతా మసక. బాగున్న నెగటివ్ నుంచి శ్రద్ధగా స్కాన్ చేసి కొత్త డిస్కుకి ఎక్కిస్తే ఆ సినిమాల్ని మొదటిరోజు హాల్లో చూసినవాళ్ళలా చూడగలం. నెగటివ్‌లు ఏటికేడాది పాడైపోతున్నాయి. ఫార్మాట్ యుద్ధం వల్ల మనకి జరిగిన నష్టం అక్కడుంది. ఏ డిస్కుకి చేయాలో తేలక ఇక్కడి స్టూడియోలే ఆగినప్పుడు, మన నిర్మాతలు డబ్బు ఎందుకు పెడతారు?

జనవరి 7, సోమవారం. కన్వెన్షన్ సెంటర్

మోనోరైల్లో కాలు పెట్టే చోటు లేదు. తలుపులు తెరవగానే జనం సెంట్రల్ హాల్లోకి వరదలా దూసుకుపోయారు. పానాసోనిక్ 150 అంగుళాల ప్లాస్మా, సోనీ 11 అంగుళాల ఓఎల్‌ఈడీ చూసుకుంటూ వెళ్ళాం. ఓఎల్‌ఈడీ దగ్గర మాత్రం ఆగిపోయాను. తెర మందం మూడు మిల్లీమీటర్లు, అందులో నలుపు అసలైన నలుపు. అందరూ ఎదురుచూసినట్టే ఇంటెల్ ల్యాప్‌టాప్ పెన్రిన్‌లతో కలిపి 16 కొత్త ప్రాసెసర్లు ప్రకటించింది.

హెచ్‌డీ డీవీడీ స్టాల్లో జనం పలచగా ఉన్నారు. ఎర్ర పెట్టెల్లో సినిమాలు బారుగా పేర్చి ఉన్నాయి, నిలబడ్డ కుర్రాళ్ళు అడిగినవాళ్ళకి ఓపిగ్గా చెబుతున్నారు. బ్లూరే వైపు నీలి పెట్టెలు, ఒకరి మీద ఒకరు. బావగారు జేబులోంచి చీటీ తీసి వరసగా అడిగారు. గీతల సంగతి ముందు. అక్కడున్నావిడ ఒక డిస్కు మా చేతికే ఇచ్చి గోరుతో గీకమంది. ఆయన గోరుతోనే కాక కారు తాళంచెవితోనూ గీకారు. వెలుగులో తిప్పి తిప్పి చూశారు. గీత పడలేదు. ఆ ఒక్క పనితో ఆయన సగం ఒప్పుకున్నారు.

తర్వాత రీజియన్. ఇండియా సీలో ఉన్నమాట నిజమే అంది. అయితే కోడ్ పెట్టడం తప్పనిసరి కాదు, డిస్కు విడుదల చేసే కంపెనీ ఇష్టం. పెట్టకుండా వదిలేస్తే ఎక్కడైనా ఆడుతుంది, వార్నర్ డిస్కులు చాలావరకు అలాగే వస్తున్నాయి అని చెప్పింది. ప్లేయర్ ఏది తీసుకోవాలని నేనడిగితే, కాస్త ఆలోచించి, ముందుముందు వచ్చే నియమాలకి సాఫ్ట్‌వేర్‌తో మారగలిగేది కావాలంటే బ్లూరే కూడా ఆడే సోనీ వీడియో గేమ్ యంత్రం, 399 డాలర్ల ప్లేస్టేషన్ 3 తీసుకోమంది. నా లెక్క కూడా అదే.

బావగారు మాత్రం కొనేది తర్వాత చూద్దామన్నారు. బయట మెట్ల మీద కూర్చుని, తనకి తెలుగు డీవీడీలు పంపే న్యూజెర్సీ డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశారు. "బ్లూరే ఎప్పుడు తెస్తారో మీ ఇష్టం, తెచ్చినప్పుడు మాత్రం రీజియన్ కోడ్ పెట్టొద్దని హైదరాబాద్ వాళ్ళకి ఇప్పుడే చెప్పండి," అంటున్నారు. అవతల ఆయనకి రీజియన్ సీ అంటే ఏమిటో తెలియదు. ఫోన్ నాకిచ్చారు, నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.